తాళం తీయకుండానే పరుగు

టెటర్‌బరో అంటే న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మనలో చాలామందికి టర్న్‌పైక్ మీద ఉత్తరంగా పోతున్నప్పుడు కనబడే ఒక బోర్డు, అంతే. ఇక్కడికి సుమారు 30 మైళ్లు. హైదరాబాద్ టికెట్ పట్టుకుని, పెట్టెలు తూకం వేయించుకుంటూ మనం లైన్లో నిలబడే నెవార్క్ లాంటిది కాదది. సొంత జెట్లు, అద్దె జెట్లు ఎక్కేవాళ్ల విమానాశ్రయం. 2005 ఫిబ్రవరి 2 ఉదయం 7 గంటల 18 నిమిషాలకు అక్కడ ఒక అద్దె చాలెంజర్ జెట్ షికాగోకి బయల్దేరింది. రన్‌వే మీద వేగం అందుకున్నాక పైలట్ కంట్రోల్ కాలమ్‌ని తన వైపు లాగాడు. ముక్కు లేవలేదు. ఆపబోయాడు, చోటు చాల్లేదు. విమానం కంచె తెంచుకుని, ఆరు లేన్ల రూట్ 46ని అడ్డంగా దాటి, ఒక కారును గుద్ది, అవతల ఉన్న గోదాములోకి దూసుకుపోయింది. విమానంలోని 11 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఇద్దరు పైలట్లకూ, కారులో ఉన్న ఇద్దరికీ తీవ్రంగా గాయాలయ్యాయి.

అమెరికా రవాణా ప్రమాదాలను విచారించే ఎన్‌టీఎస్‌బీ తేల్చిన కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. బరువు లెక్క చూసుకోలేదు. విమానంలో మనుషులు, సామాను, ఇంధనం ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టి, మొత్తం బరువు ఏ బిందువు దగ్గర నిలుస్తుందో బయల్దేరే ముందే చూసుకోవాలి. ఆ బిందువు హద్దు దాటి ముందుకు జరిగితే తోక ఎంత నొక్కినా ముక్కు పైకి లేవదు. ఆ రోజు జరిగిందదే. కాగితం, కాలిక్యులేటర్ ఉంటే కొద్ది నిమిషాల్లో తేలే లెక్క అది. ఆ కంపెనీకి ఇంధనం చవగ్గా దొరికిన చోట అవసరానికి మించి నింపుకునే అలవాటు కూడా ఉందని తర్వాత కోర్టులో బయటపడింది. నడిపినవాళ్లకు శిక్షలు పడ్డాయి.

విమానాల సంగతి ఇక్కడ ఎందుకంటే, ఆ రంగంలో పొరపాటు జరిగితే దాన్ని సెకన్లతో సహా విప్పి, రాసి, ఎవరైనా చదువుకునేలా బయట పెడతారు. మన ఆఫీసుల్లో పొరపాటు జరిగితే ఒక మీటింగ్ పెట్టి, ఎవరి మనసూ నొప్పించకుండా నాలుగు స్లైడ్లు చూపించి మూసేస్తారు. అందుకే మన పొరపాట్ల గురించి నేర్చుకోవాలన్నా పైలట్ల రికార్డులు తిరగెయ్యక తప్పదు.

తనిఖీ మరిచిపోయేది కొత్తవాళ్లు, బద్ధకస్తులు అని మనకో నమ్మకం. 2014 మే 31 రాత్రి సంగతి చదివాక ఆ నమ్మకం నిలవదు.

మసాచుసెట్స్‌లో బెడ్‌ఫర్డ్ దగ్గర హాన్స్‌కమ్ ఫీల్డ్ విమానాశ్రయం. శనివారం. మన న్యూజెర్సీ అట్లాంటిక్ సిటీ నుంచి మధ్యాహ్నం వెళ్లిన గల్ఫ్‌స్ట్రీమ్-4 జెట్ రాత్రి పొద్దుపోయాక తిరుగు ప్రయాణానికి బయల్దేరింది. అందులో లూయిస్ కాట్జ్ ఉన్నాడు. కామ్డెన్‌లో పుట్టి, లాయరై, వ్యాపారంలో గడించి, న్యూజెర్సీ నెట్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు యజమాని అయినవాడు. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికను వేలంలో దక్కించుకుని అప్పటికి నాలుగు రోజులే. మరో ముగ్గురు ప్రయాణికులు, ఒక అటెండెంట్, ఇద్దరు పైలట్లు. ఆ పైలట్లిద్దరూ దాదాపు 12 ఏళ్లుగా జంటగా ఎగురుతున్నారు. ఒకరి కనుసైగ ఒకరికి తెలిసేంత అలవాటు.

నిలిపి ఉంచిన విమానానికి గాలి కొట్టి, రెక్కల మీదా తోక మీదా కదిలే పలకలు దెబ్బతినకుండా బిగించిపెట్టే తాళం ఒకటుంటుంది. గస్ట్ లాక్ అంటారు. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు దాన్ని తీయాలి. స్టార్ట్ చేశాక కంట్రోల్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి పూర్తిగా తిప్పి, పలకలు కదులుతున్నాయో లేదో చూడాలి. మొదటిది మరిచినా రెండోది పట్టేస్తుంది. ఆ రాత్రి మొదటిదీ చేయలేదు, రెండోదీ చేయలేదు. చెక్‌లిస్ట్‌లోని మాటలను ఒకరు చదవడం, ఇంకొకరు బదులు చెప్పడం కాక్‌పిట్ రికార్డింగులో వినబడలేదు. మూడో రక్షణ కూడా ఉంది. తాళం పడి ఉంటే థ్రాటిల్‌ను ముందుకు పోనివ్వని ఏర్పాటు. అది అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువ కదలనిచ్చింది. ఆ విమానం డిజైన్‌కి ఆమోదం ఇచ్చేటప్పుడు ఈ లోపం తయారీదారుకూ, ప్రభుత్వ సంస్థకూ కనబడకుండా పోయింది. అంటే తనిఖీ తప్పితే కాపాడాల్సిన ఏర్పాటునే ఎవరూ సరిగ్గా తనిఖీ చేయలేదు.

జెట్ రన్‌వే మీద పరుగందుకున్నాక పైలట్‌కి విషయం అర్థమైంది. తాళం పడే ఉంది అన్నాడు. దాదాపు 13 సెకన్లలో ఆ మాట ఏడుసార్లు అన్నాడు. మొదటిసారి అన్న తర్వాత 11 సెకన్ల లోపల ఆపే ప్రయత్నం మొదలుపెట్టి ఉంటే విమానం గట్టి నేల మీదే ఆగేదని దర్యాప్తులో లెక్కగట్టి చూపించారు. ఆపడానికి బదులు పరుగెడుతూనే తాళం విడిపించాలని చూశారు. విమానం రన్‌వే కొస దాటి, కంచె దాటి, షాషీన్ నది పల్లంలో పడి మండిపోయింది. ఏడుగురూ పోయారు.

నన్ను ఎక్కువగా పట్టి కుదిపింది ఆ తర్వాత బయటపడిన లెక్క. విమానంలో దొరికిన డేటా రికార్డర్‌లో అంతకుముందు చేసిన 175 టేకాఫ్‌ల వివరాలున్నాయి. కంట్రోల్‌ని పూర్తిగా తిప్పి చూసే పరీక్ష వాటిలో 173 సార్లు సరిగ్గా జరగలేదు. అంటే ఆ రాత్రి మరిచిపోయారనడం తప్పు. దాదాపు ఏ రోజూ చేయని పనిని ఆ రాత్రి కూడా చేయలేదు, అంతే. ఆ జెట్‌ను నడిపిన కంపెనీ భద్రతా ఆడిట్‌లో పాసైంది కూడా. ఆడిట్ చేసేవాళ్లు కాగితాలు చూస్తారు, కాగితాలు ముచ్చటగా ఉండి ఉంటాయి.

వదిలేసిన ప్రతిసారీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాళ్లకు పాఠమైంది. ‘ఏం కాదులే’ అన్న మాట మన నోట ఎంత తేలిగ్గా వస్తుందో గమనించండి. ఆ మాటకు బలం ఎక్కడినుంచి వస్తుందంటే, నూటికి తొంభైతొమ్మిదిసార్లు అది నిజమే కనుక. పనిలో ఆరితేరినవాడికి ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. కొత్తవాడు భయపడుతూ జాబితాలోని ప్రతి వరస చదువుతాడు. పాతవాడికి ఆ భయం పోతుంది, దాంతోపాటే చదవడం కూడా. పోనీ ఆ ఇద్దరే అలాంటివాళ్లు అనుకుందామా? తర్వాత బిజినెస్ జెట్‌ల సంఘం 2013 నుంచి 2015 వరకు జరిగిన 1,43,756 ప్రయాణాల డేటా తీసి చూసింది. వందలో దాదాపు 18 సార్లు ఆ పరీక్ష సగంసగంగా జరిగింది, లేదా అసలు జరగలేదు.

ఇంకా వింత ఏమిటంటే, విమానయానానికి చెక్‌లిస్ట్ అనే పద్ధతి గట్టిపడిందే సరిగ్గా ఈ తాళం వల్ల. 1935 అక్టోబర్ 30న ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త బాంబర్ పైకి లేచిన కాసేపటికే కూలింది. నడిపిన మేజర్ ప్లాయర్ హిల్ ఆ కాలపు ఆరితేరిన టెస్ట్ పైలట్లలో ఒకడు. గస్ట్ లాక్ తీయలేదు. హిల్ చనిపోయాడు, బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ గాయాలతో తర్వాత చనిపోయాడు. ఈ విమానం ఒక మనిషి జ్ఞాపకశక్తికి మించినది అని ఒప్పుకుని, పైలట్లు ఒక కార్డు మీద చేయాల్సిన పనులు రాసుకున్నారు. ఆ విమానమే తర్వాత బీ-17గా రెండో ప్రపంచయుద్ధంలో వేల సంఖ్యలో ఎగిరింది. కార్డు పుట్టిన 79 ఏళ్లకు, చేతికందే దూరంలో కార్డు ఉండగానే, అదే రకం తాళం మళ్లీ ఏడుగురి ప్రాణాలు తీసింది.

కాబట్టి ‘చెక్‌లిస్ట్ రాసుకోండి’ అని చెప్పి ఈ అధ్యాయం ముగించేస్తే మీకు ఉపయోగం లేదు. జాబితా రాయడం తేలిక. ఆసుపత్రుల్లోనూ ఇదే తేలింది. ఆపరేషన్ గదుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల చెక్‌లిస్ట్ తయారుచేసింది. ఎనిమిది నగరాల్లో, ఢిల్లీ కూడా అందులో ఒకటి, పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రం తన ఆసుపత్రులన్నిటికీ అదే పద్ధతి తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో బయటకొచ్చాయి. చెప్పుకోదగ్గ మార్పు లేదు. అమలు మాత్రం నూటికి నూరు దగ్గర ఉన్నట్టు ఆసుపత్రులు రాసిచ్చాయి. కాగితం అదే, అంశాలు అవే. ఒకచోట మనుషులు ఆగి ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడుకున్నారు, ఇంకోచోట గడుల్లో టిక్కులు పడ్డాయి. ఈ తేడాకు ఇంకా కారణాలు ఉండొచ్చని పరిశోధకులు వాదించుకున్నారు గానీ, నా తీర్పు మాత్రం ఇదే.

మరి టిక్కుగా మారిపోకుండా తనిఖీని కాపాడుకోవడం ఎలా? నాకు అన్నిటికన్నా నమ్మకమైనది చేతికి పని పెట్టడం. మన ఇళ్లలో పెద్దవాళ్లు తలుపుకి తాళం వేశాక దాన్ని ఒకసారి గట్టిగా గుంజి చూస్తారు. వేశానన్న సంగతి వాళ్లకు తెలుసు, అయినా గుంజుతారు. పైలట్ కంట్రోల్‌ని కొస నుంచి కొసకి తిప్పడం అలాంటిదే. ‘చూశాను’ అనడానికి నోరు చాలు, ‘కదిలింది’ అనడానికి చెయ్యి కావాలి. మీ జాబితాలో ‘బ్యాకప్ ఉందా? ఉంది’ అనే వరస ఉంటే తీసేయండి. ‘బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచాను’ అని రాయండి. ‘టైర్లు బాగున్నాయి’ అని కాదు, గేజ్‌లో కనిపించిన అంకె రాయండి. సమాధానం అంకె రూపంలోనో, మీ కళ్ల ముందు జరిగిన మార్పు రూపంలోనో రావాలి. అవును, కాదు అన్న జవాబులకు తలకాయ అక్కర్లేదు, అలవాటు చాలు.

తాత్కాలికంగా చేసినవాటి సంగతి వేరు. 1996 అక్టోబర్ 2న పెరూలో లిమా నుంచి లేచిన ఏరోపెరూ 603 సముద్రంలో పడి 70 మంది చనిపోయారు. విమానం కడిగేటప్పుడు గాలి ఒత్తిడి కొలిచే రంధ్రాల్లోకి నీళ్లు పోకుండా వేసిన టేపు తీయడం మరిచారు. రాత్రిపూట చుట్టూ తిరిగి చూసిన పైలట్‌కి విమానం రంగులో కలిసిపోయిన టేపు కనబడలేదు. పైకి లేచాక ఎత్తూ వేగమూ చూపే మీటర్లన్నీ తప్పు చెప్పాయి. అందుకే అలాంటి మూతలకు పొడవాటి ఎర్ర రిబ్బన్ వేలాడదీస్తారు. టెస్టింగ్ కోసం మీరు ఆపేసిన అలర్ట్, వారం రోజులకని ఇచ్చిన యాక్సెస్, ‘మళ్లీ చూద్దాం’ అని కోడ్‌లో వదిలేసిన పాత ముక్క, ఇవన్నీ ఆ టేపులే. వాటికి ఎర్ర రిబ్బన్ కట్టనిదే కుర్చీలోంచి లేవకండి.

రిబ్బన్ కట్టకపోతే ఏమవుతుందో చూడటానికి పెరూ దాకా వెళ్లక్కర్లేదు. మెట్రోపార్క్‌లో రైలెక్కి, నెవార్క్‌లో పాత్ ట్రైన్ మారి, మనవాళ్లు ఎంతోమంది రోజూ వెళ్లే జెర్సీ సిటీ చాలు. 2012 ఆగస్టు 1న అక్కడి నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌తో మార్కెట్లోకి దిగింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ కాపీ అయింది. ఎనిమిదోదానికి కాలేదు. ఇంకో మనిషి చూడాలన్న నియమం రాతపూర్వకంగా లేదు, ఎవరూ చూడలేదు. ఎనిమిదో సర్వర్లో 2003లోనే వాడటం మానేసిన పాత కోడ్ నిద్రపోతోంది. మార్కెట్ 9:30కి తెరుచుకుంది, ఆ కోడ్ నిద్ర లేచింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అంతకుముందు 8 గంటల నుంచే సిస్టమ్ ఒకే తప్పును చూపుతూ 97 ఈమెయిళ్లు పంపింది. అవి హెచ్చరికలని ఎవరూ అనుకోలేదు. కంగారులో చేసిన పని మరీ దారుణం. సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచీ కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఆ ఏడూ ఎనిమిదోదానిలాగే పనిచేయడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది షేర్ మార్కెట్లను నియంత్రించే ఎస్‌ఈసీ 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, ఆ కంపెనీ వేరే కంపెనీలో కలిసిపోయింది.

హాన్స్‌కమ్‌నీ జెర్సీ సిటీనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండుచోట్లా తనిఖీ తప్పింది, నిజమే. కానీ తనిఖీ తప్పిన తర్వాత కూడా తప్పించుకునే దారి ఉంది. ఒకచోట ఏడుసార్లు నోటితో అన్నారు, ఇంకోచోట 97సార్లు ఈమెయిల్ వచ్చింది. ఆపడమే జరగలేదు. పరుగు మొదలయ్యాక ఆపాలా వద్దా అని ఆలోచించడానికి మనసు ఒప్పుకోదు. అప్పటికే ప్రయాణికులు ఎక్కారు, క్లయింట్‌కి మాట ఇచ్చాం, మేనేజర్ కాల్‌లో ఉన్నాడు. అందుకని ఆ నిర్ణయం పరుగుకు ముందే జరిగిపోవాలి. ఎయిర్‌లైన్ పైలట్లు టేకాఫ్ ముందు ఏమేం జరిగితే ఆపేస్తామో పైకి చెప్పుకుంటారు. మీ ప్రొడక్షన్ రిలీజ్ కాల్ మొదలవ్వగానే ఇదొక్కటి అడగండి: ‘ఏం కనబడితే వెనక్కి వెళ్తాం? ఆ మాట ఎవరైనా అనొచ్చా?’ నిన్న చేరిన కుర్రాడు ‘అన్నా, ఒక్క నిమిషం ఆగుదాం, ఎనిమిదోది చూడలేదు’ అనగలగాలి. అన్నందుకు అతన్ని తర్వాత ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఎగతాళి చేశారో, ఆ జట్టులో ఇంకెవరూ నోరెత్తరు.

వెతుక్కోవడం గురించి కూడా ఒక మాట. హెలికాప్టర్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది 2009 సెప్టెంబర్ 2. బేగంపేట నుంచి చిత్తూరు బయల్దేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి బెల్ 430 నల్లమలలో కూలి ఐదుగురు చనిపోయారు. ప్రధాన కారణం తీవ్రమైన వాతావరణం, హెలికాప్టర్‌ను కిందికి తోసేసిన గాలి అని విచారణ సంఘం చెప్పింది. దాంతోపాటు, ఆయిల్ ప్రెజర్ సమస్య ఒకటి తలెత్తితే దానికి ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ సిబ్బంది కొన్ని నిమిషాలు అందులోనే మునిగిపోయారని కూడా రాసింది. ఆ నిమిషాల్లోనే మబ్బు దగ్గరైంది. గాలిలో ఉండగా పేజీ వెతికే పరిస్థితి రాకుండా నేల మీదున్నప్పుడే పుస్తకం తిరగెయ్యాలి. మన పనుల్లో కూడా ఫోన్ నంబర్లు, రోల్‌బ్యాక్ పద్ధతి, ఇన్సూరెన్స్ కాగితాలు అవసరం లేని రోజే తీసి చూసుకోవాలి. మధ్యలో ఫోనొచ్చి తనిఖీ ఆగిపోతే, ఆగినచోట అందుకోకుండా మొదటి వరస నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

చివరగా, ఎడిసన్‌లో ఉన్న మనకు అన్నిటికన్నా దగ్గరి తనిఖీ. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఐ-797 ఆమోద పత్రం మీది తేదీ చూసుకుని నిశ్చింతగా ఉంటారు. ఇండియా వెళ్లొచ్చినప్పుడు పాస్‌పోర్టు గడువు తక్కువగా ఉంటే విమానాశ్రయంలో ఆఫీసర్, దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94ని ఆ పాస్‌పోర్టు గడువు వరకే ఇవ్వొచ్చు. మూడేళ్లు ఉందనుకున్నది ఎనిమిది నెలలకే ముగిసిపోతుంది. చేతికి కాగితం ఇవ్వరు కనుక తెలియదు. ఆన్‌లైన్లో చూసుకుంటేనే తెలుస్తుంది. దేశంలోకి వచ్చిన ప్రతిసారీ కొత్త ఐ-94 పుడుతుంది, సాధారణంగా చివర వచ్చినదే లెక్క. సాధారణంగా పెద్దవాళ్లకు ఐ-94 మీది తేదీ దాటాక ఉన్న ప్రతి రోజూ చట్టవిరుద్ధంగా ఉన్న రోజు కింద జమ పడుతుంది. 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వెళ్తే పదేళ్లు తిరిగి రావడానికి అడ్డంకి. భార్యాభర్తలవీ, పిల్లలవీ తేదీలు వేరువేరుగా ఉండొచ్చు. పెద్దవాళ్లవి చూసి పిల్లలవి వదిలేసేవాళ్లు ఎక్కువ.

విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో తనిఖీ చేసే సీబీపీ వెబ్‌సైట్లో పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ లాంటి వివరాలు కొడితే ఐ-94 వస్తుంది. రుసుము లేదు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందివీ తీయండి, ‘అడ్మిట్ అంటిల్’ ఎదురుగా ఉన్న తేదీని మీ చేత్తో ఒక కాగితం మీద రాయండి, ఐ-797 పక్కన పెట్టండి. రెండూ కలవకపోతే రేపు పొద్దున్నే అటార్నీకి ఫోన్ చేయండి. తేదీ ఇంకా దాటకపోతే సరిదిద్దుకునే దారులు ఉన్నాయి.